డ్యూటీకి పొయ్యే అమ్మ, సీసా వద్దనే బిడ్డ

(తిరుపతిలో ఉద్యోగం చేసే తల్లుల కోసం పెట్టిన మీటింగ్‌లో ఒక సీనియర్ నర్సు మాట్లాడింది, విన్నది విన్నట్టే రాసినాం)

అందరికీ నమస్కారం. కుర్చీలు చాల్లేదు, ముందర చాప పరిచి ఉండారు, బిడ్డల్ని ఎత్తుకోనుండే వాళ్ళు దాని మీదికి వచ్చేయండి, ఫ్యాను గాలి కూడా ఆడే బాగా తగుల్తుంది. మధ్యలో బిడ్డ ఏడిస్తే లేచి బయటికి పోవద్దండమ్మా, ఈడే పాలియ్యండి, ఈ మీటింగ్ పెట్టిందే అందుకు.

వచ్చినప్పటి నుంచి నాతో మాట్లాడినోళ్ళంతా ఒకటే అడిగినారు. మేడం లీవ్ అయిపోతా ఉంది, పాప సీసా నోట్లో పెట్టనియ్యదు, నేను డ్యూటీకి ఎట్ల పోవాల అని. ఒకరు శ్రీసిటీకి కంపెనీ బస్సులో పొయ్యే అమ్మాయి, ఒకరు ఆస్పత్రిలో షిఫ్టులు చేసే స్టాఫ్ నర్సు, ఇంకొకాయమ్మకి కొండమీద డ్యూటీ. కొండమీద డ్యూటీ అంటే మీకు చెప్పేదేముంది, ఘాట్ రోడ్డులో పోను గంట రాను గంట, ఇంటి నుంచి ఫోన్ చేసి బిడ్డ ఏడుస్తా ఉండాది అంటే వెంటనే దిగొచ్చేదానికి కుదరదు. కాబట్టి ఈ భయం చిన్నది కాదు, దీన్ని ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దని ఇంట్లో వాళ్ళకి కూడా చెప్తా ఉండా.

ముందు ఒక విషయం తేల్చేద్దాం. "ఆకలైతే అదే తాగుతుందిలే, ఒక పూట రొమ్ము ఇయ్యకుండా వదిలెయ్" అని మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. వద్దు, ఆ పని చెయ్యొద్దు. బాగా ఆకలైన బిడ్డ గుక్కపట్టి ఏడుస్తా ఉంటుంది, ఏడ్చేటప్పుడు నాలుక పైకి లేచి వెనక్కి పోయి ఉంటుంది, అప్పుడు నిపుల్ నోట్లో పెడితే అది పీల్చను కూడా పీల్చలేదు, పొలమారుతుంది, ఇంగా జాస్తిగా ఏడుస్తుంది. అట్ల ఒకటి రెండుసార్లు అయితే చాలు, సీసా కనపడితేనే మొహం తిప్పుకుంటుంది. మూడు నాలుగు నెలల బిడ్డని పస్తు పెట్టి నేర్పించే చదువు ఏదీ లేదమ్మా, పైగా మన ఎండల్లో ఒంట్లో నీళ్ళు ఎంత బిరీన తగ్గిపోతాయో వార్డులో రోజూ చూస్తా ఉంటాం.

అసలు బిడ్డ ఎందుకు వద్దంటుందో చూడండి. మొండితనం కాదు. రొమ్ము దగ్గిర నోరు పెద్దగా తెరిచి, నాలుక కిందికి చాపి, నల్లటి భాగం కూడా కొంత నోట్లోకి తీసుకోని పీలుస్తుంది, మొదట కొంచేపు ఊరికే చప్పరిస్తుంది, అప్పుడు అమ్మకి పాలు చేపుకొస్తాయి, జోరుగా వస్తాయి, మళ్ళీ నెమ్మదిస్తాయి. ఆ వరస అంతా దానికి తెలుసు. సీసాలో నిపుల్ గట్టిగా ఉంటుంది, సన్నగా ఉంటుంది, పెట్టీ పెట్టకముందే పాలు గొంతులోకి కారతాయి, వాసన రబ్బరు వాసన, పట్టుకున్న మనిషి వేరే. మీరు రోజూ చేత్తో తినే సంగటి ఒక రోజు తెలీని మనిషెవరో వచ్చి చెంచాతో గబగబా నోట్లో కుక్కితే మీరు మింగుతారా? అంతే.

వయసు సంగతి కూడా ఉంది. పుట్టిన కొత్తల్లో బిడ్డ నోటికి ఏది తగిలినా పీల్చేస్తుంది, అది దాని చేతిలో లేదు, పుట్టుకతో వచ్చిన గుణం. మూడో నెల నాలుగో నెల వచ్చేసరికి ఆ గుణం తగ్గి, తనకి ఇష్టమైతేనే పీల్చే తెలివి వస్తుంది. ఇప్పుడు లీవ్ లెక్క చూడండి. 2017లో చట్టం మార్చినాక మొదటి ఇద్దరు బిడ్డలకి 26 వారాలు జీతంతో లీవ్ వచ్చింది, అందులో 8 వారాల వరకు కాన్పుకి ముందే వాడుకోవచ్చు. అట్ల వాడుకున్న తల్లి మళ్ళీ డ్యూటీలో చేరేటప్పటికి బిడ్డకి 18 వారాలు, అంటే నాలుగు నెలలు దాటి కొంచెం. సరిగ్గా బిడ్డకి ఇష్టాయిష్టాలు తెలిసే టైముకే మనం సీసా ముందర పెడ్తా ఉండాం. అందుకే ఇన్ని ఇళ్ళల్లో ఇదే గొడవ, మీ బిడ్డ ఒక్కటే కాదు.

కాబట్టి మొదలుపెట్టేది ఎప్పుడు? రొమ్ము పట్టడం బాగా కుదిరినాక, కనీసం మూడు నాలుగు వారాలు నిండినాక. అంతకంటే ముందు అవసరం లేదు, ముందు రొమ్ము నేర్చుకోనియ్యండి. డ్యూటీలో చేరే తేదీకి రెండు మూడు వారాలు ముందే అభ్యాసం మొదలుపెట్టాల, రేపు జాయినింగ్ అనగా ఈరోజు రాత్రి కాదు. ఇంకొకటి, నెల బిడ్డగా ఉండేటప్పుడు ఒకసారి తాగింది కదా అని ధైర్యంగా రెండు నెలలు సీసా అటక మీద పెట్టేస్తారు, మళ్ళీ తీసేసరికి బిడ్డ అదేందో తెలీనట్టు చూస్తుంది. వారంలో రెండు మూడుసార్లన్నా కొద్దిగా ఇస్తా ఉంటేనే గుర్తుంటుంది.

ఎవరు ఇయ్యాల అనేది ముఖ్యం. అమ్మ కాకుండా వేరే వాళ్ళు. అమ్మ ఒళ్ళో కూర్చుంటే పాల వాసన వస్తా ఉంటుంది, అసలుది పక్కనే పెట్టుకోని నకిలీది ఇస్తా ఉండావేంది అన్నట్టు చూస్తుంది. బైరాగిపట్టెడలో ఒక ఇంటికి పొయినా, అత్తమ్మ సీసా పట్టుకోనుండాది, కోడలు వంటింట్లో ఉండాది, పాప తాగబోతా ఉన్నట్టే ఉండాది, ఇంతలో వంటింట్లో గాజుల చప్పుడు అయింది. అంతే, పాప తల ఆ పక్కకి తిరిగిపోయింది, ఇంగ నోరు తెరవలా. నేను ఆ అమ్మాయిని కూరగాయలకి పోయిరామ్మా అని పంపించేసినా. అత్తమ్మ ఆ అమ్మాయి విడిచిన కాటన్ నైటీ ఒకటి భుజమ్మీద వేసుకుంది, పాపని ఒళ్ళో పండబెట్టకుండా, వీపు తన రొమ్ముకి ఆనించుకోని, మొహం బయటికి ఉండేట్టు ఎత్తుకోని కిటికీ దగ్గిర నిలబడింది. కింద రోడ్డులో ఆటోలు, టెంకాయల బండి, పాప చూపంతా ఆడుంది. నిపుల్‌ని గోరువెచ్చని నీళ్ళల్లో ముంచి, ఒక చుక్క పాలు దాని మొన మీదికి రానిచ్చి, పై పెదవికి తగిలించి ఊరకుండింది. పాప నాలుకతో తోసేసింది. అత్తమ్మ తీసేసింది, కాసేపు మాటలు చెప్పింది, మళ్ళీ తగిలించింది. ఈసారి చిగుళ్ళతో కొరికింది, కొరికితే రెండు చుక్కలు పడినాయి, చప్పరించింది, మళ్ళీ తోసేసింది. ఆ రోజు తాగింది 10 ఎంఎల్ కూడా ఉండదు. ఆయమ్మ మొహం చిన్నబోయింది, ఇంతేనా అని. నాకైతే చాలా సంతోషం అయింది, ఎందుకంటే పాప ఒక్కసారి కూడా ఏడవలా. మొదటి రోజుల్లో మనం చూడాల్సింది ఎన్ని ఎంఎల్ పొయినాయి అని కాదు, ఏడవకుండా ముగించినామా లేదా అని.

ఏడుపు మొదలయ్యే ముందరే ఆపెయ్యండి. ఐదు పది నిమిషాలు చాలు. బిడ్డ మరీ ఆకలి మీద ఉండకూడదు, కడుపు నిండి కూడా ఉండకూడదు, నిద్ర లేచి కొంచెం ఆడుకునే టైము మంచిది. కొంతమంది బిడ్డలు సగం నిద్రలో బాగా పట్టుకుంటారు, అట్ల ఒకటి రెండుసార్లు పట్టుకున్నాక మెలకువలో కూడా ఒప్పుకుంటారు. సీసాలో పోసేది మీ పాలే పొయ్యండి, మొదట్లో కొద్దిగా, 20, 30 ఎంఎల్ అంతే, లేకపోతే కష్టపడి పిండిన పాలు సింక్‌లో పోసేటప్పుడు ఏడుపొచ్చేది మీకే. నిపుల్ అన్నిటికంటే నెమ్మదిగా కారేది తీసుకోండి, రెండు రకాలు ట్రై చెయ్యండి, అంతేగాని షాపులో ఉండే బ్రాండ్లన్నీ కొనేయాల్సిన పనిలేదు. తేనె, చక్కెర నిపుల్‌కి రాసేది మాత్రం వద్దే వద్దు, తేనె ఏడాది నిండని బిడ్డకి చుక్క కూడా ప్రమాదం, అందులో ఉండే ఒకరకం క్రిమితో ఒళ్ళంతా వాలిపోయే జబ్బు రావచ్చు.

ఎట్ల పట్టాల అంటే, బిడ్డని నిటారుగా కూర్చోబెట్టినట్టు పట్టుకోని, సీసాని తల్లకిందులుగా కాకుండా ఇట్ల అడ్డంగా పట్టుకోవాల, చూస్తా ఉండారు కదా, ఇట్ల. బిడ్డ నోరు తెరిచి తనే లోపలికి తీసుకోవాల, మనం దూర్చకూడదు. నాలుగైదు గుక్కలు మింగినాక సీసా కొంచెం కిందికి వంచండి, ఊపిరి తీసుకుంటుంది, మళ్ళీ పైకి. రొమ్ము దగ్గిర కూడా అది ఆగి ఆగే తాగుతుంది కదా. ఒక సీసా అయ్యేదానికి 15, 20 నిమిషాలు పట్టినా పట్టనియ్యండి. ఐదు నిమిషాల్లో గటగటా తాగించేస్తే బాగా తాగింది అని మనకి ఆనందం, కానీ ఆ జోరుకి అలవాటు పడిన బిడ్డ రాత్రికి రొమ్ము దగ్గిర విసుక్కుంటుంది. దిండు ఆనించి సీసా నోట్లో పెట్టి పనికి పొయ్యేది ఎంత అర్జెంటు అయినా చెయ్యొద్దు.

ఇంగ చాలామందికి తట్టని విషయం ఒకటుంది. కొన్నిసార్లు బిడ్డ వద్దనేది సీసాని కాదు, ఆ పాలని. తల్లిపాలల్లో కొవ్వుని అరిగించే లైపేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, కొంతమంది పాలల్లో అది ఫ్రిజ్‌లో కొన్ని గంటలు పెట్టేసరికి కొవ్వుని విరగ్గొట్టి సబ్బు వాసన మాదిరి తెప్పిస్తుంది. పాలు చెడిపోలేదు, తాగితే ఏం కాదు, కానీ బిడ్డకి రుచి నచ్చదు. అందుకని ఫ్రిజ్‌లో పెట్టిన పాలు ఒకసారి మీరే నాలుక మీద వేసుకోని చూడండి. వాసన తేడాగా ఉంటే అప్పుడే పిండిన పాలు సీసాలో ఇచ్చి చూడండి, అది తాగితే సంగతి తెలిసిపోయినట్టే. దానికి ఉపాయం, పిండిన వెంటనే గిన్నె అంచున చిన్న బుడగలు వచ్చేదాకా మాత్రం వేడి చేసి, పొంగకముందే దించి, చల్లనీళ్ళల్లో పెట్టి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టేది. వేడికి కొన్ని మంచి గుణాలు తగ్గుతాయి, కాబట్టి ఈ సమస్య ఉండేవాళ్ళే చెయ్యండి, అందరూ కాదు.

పాలు దాచేది తొందరగా చెప్పేస్తా. గదిలో 4 గంటలు ఉంటాయి అంటారు, అది 25 డిగ్రీల గదికి చెప్పిన లెక్క. మన తిరుపతిలో 25 డిగ్రీలు ఏ నెలలో ఉంటుందమ్మా, మే నెలలో బయట 40 దాటుతుంది. కాబట్టి పిండిన వెంటనే ఫ్రిజ్, డ్యూటీలో అయితే ఐస్ ప్యాక్ పెట్టిన బ్యాగ్. ఫ్రిజ్ లోపలి అరలో, తలుపులో కాదు, 4 రోజుల వరకు. ఫ్రీజర్‌లో ఆరు నెలల వరకు, ఫ్రిజ్‌లోనే పెట్టి గడ్డ కరిగినాక 24 గంటల్లో వాడెయ్యాల. వేడి చేసేది గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో సీసా పెట్టి, మైక్రోవేవ్ వద్దు, ఒకచోట చల్లగా ఒకచోట సలసలా ఉండి నోరు కాలుతుంది. మీగడ పైకి తేలితే మెల్లగా తిప్పితే కలిసిపోతుంది. బిడ్డ ఎంగిలి చేసి మిగిల్చింది రెండు గంటల్లో మళ్ళీ తాగకపోతే పారబొయ్యండి.

ఇప్పుడు నేను మనస్ఫూర్తిగా చెప్పాలనుకున్న విషయానికి వస్తా. సీసా తాగకపోతే కొంప మునగదు. మీ అందరి ఇళ్ళల్లో ఉగ్గుగిన్నె ఉంటుంది, బిడ్డని తొట్టిలో వేసిన రోజు అమ్మగారి తరఫున పెట్టిన వెండిది, ఎర్రగుడ్డలో చుట్టి బీరువాలో పెట్టుంటారు. దాన్ని బయటికి తియ్యండి. వెండిదే కానక్కర్లేదు, మెడికల్ షాపులో స్టీలుది దొరుకుతుంది, పాలాడ అని అడిగినా ఇస్తారు. మా దగ్గిర నెల తక్కువ పుట్టి రొమ్ము పీల్చలేని బిడ్డలకి కూడా నర్సులం దాంతోనే పోస్తాం, అంత చిన్న బిడ్డలు తాగుతారు, మీ నాలుగు నెలల బిడ్డ తాగదా? దాన్ని కడిగేది సులువు, నిపుల్ మాదిరి లోపల పాల జిడ్డు దాక్కునే సందులు ఉండవు. సీసా సరిగ్గా కడగకపోతే వచ్చేది విరేచనాలు, అందుకే మన ప్రభుత్వం 1992లో చట్టం చేసింది, 2003లో ఇంకా గట్టి చేసింది, పాలసీసాలకి, పాలపొడికి ప్రకటనలు ఇయ్యకూడదు, ఫ్రీ శాంపిల్స్ పంచకూడదు అని. టీవీలో పాలసీసా యాడ్ మీరు ఎందుకు చూడలేదో ఇప్పుడు అర్థమైంది కదా. సీసా వాడే వాళ్ళని నేను తప్పు పట్టను, డ్యూటీ చేసే తల్లికి ఏది కుదిరితే అది, కానీ ప్రతిసారీ బ్రష్షుతో సబ్బుతో కడిగి, నీళ్ళు మరిగినాక పది నిమిషాలు ఉడకనియ్యాల, నిపుల్‌తో సహా. అది రోజూ చెయ్యగలమా అని ఇంట్లో వాళ్ళతో ముందే మాట్లాడుకోండి.

(వెనక నుంచి ఒక పెద్దావిడ: మేము కాళ్ళు చాపి బిడ్డని దాని మీద పండబెట్టి ఉగ్గుగిన్నెతో పోసేవాళ్ళం, ఐదుగురు బిడ్డల్ని పెంచినాం.)

అవ్వా, మీరు పెంచినారు కాబట్టే ఈ ఊళ్ళో మా మాదిరి వాళ్ళందరం ఉండాం. ఉగ్గుగిన్నె మీ నుంచే నేర్చుకోవాల వీళ్ళు. ఒక్కటి మాత్రం మార్చుకోమని అడుగుతా ఉండా, పండబెట్టి గొంతులోకి పోసేది వద్దు. పండుకోని ఉండేటప్పుడు పోస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పొయ్యే ప్రమాదం ఉంది, పొలమారి నీలిరంగులోకి తిరిగిన బిడ్డల్ని నేను చూసినా, ఆ చూపు మరిచిపోలేం. బిడ్డని కూర్చోబెట్టినట్టు పట్టుకోని, గిన్నె ముక్కుని కింది పెదవి మీద ఆనించి, పాలు పెదవికి తగిలేంత వంచండి చాలు. బిడ్డే నాలుక చాపి లాక్కుంటుంది, చూస్తే ముద్దొస్తుంది. మింగినాక మళ్ళీ వంచండి. కొంచెం కారిపోతాయి, గడ్డం కింద ఒక గుడ్డ పెట్టుకోండి. ఒకసారి మీరే మీ కోడలికి చూపించండవ్వా, మేము పదిసార్లు చెప్పినదాని కంటే మీరు చేసి చూపిస్తే వాళ్ళకి ధైర్యం.

(ఒక తల్లి: ఎంత పెట్టి పోవాల మేడం?)

నెల నుంచి ఆరు నెలల బిడ్డ రోజంతా కలిపి సుమారు 750 ఎంఎల్ తాగుతుంది, కొంచెం అటూ ఇటూ. అంటే మీరు లేని ప్రతి గంటకి 30 ఎంఎల్ అనుకోండి. పొయ్యేదానికి వచ్చేదానికి కలిపి పది గంటలు అయితే 300. దాన్ని 60, 90 ఎంఎల్ గా విడివిడిగా పెట్టండి, ఒకే సీసాలో కాదు. పొయ్యేముందు ఒకసారి, వచ్చిన వెంటనే ఒకసారి రొమ్ము ఇయ్యండి, మీరు బస్సు ఎక్కినాక ఇంటికి ఫోన్ చేసి చెప్పండి, ఆఖరి గంటలో సీసా ఇయ్యొద్దు, నేను వస్తా ఉండా అని. ఆరు నెలలు నిండకముందు నీళ్ళు వద్దు, ఎండాకాలంలో కూడా, పాలల్లోనే కావాల్సిన నీళ్ళు ఉంటాయి.

మీ ఆఫీసు వాళ్ళని కూడా అడగండి. 50 మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే చోట శిశుసంరక్షణ కేంద్రం ఉండాల, తల్లి రోజుకి నాలుగుసార్లు పోయి బిడ్డని చూడొచ్చు. బిడ్డకి 15 నెలలు వచ్చేదాకా పాలిచ్చేదానికి రెండు బ్రేకులు కూడా ఉండాయి. అడిగేదానికి మొహమాట పడొద్దు, ఇది వాళ్ళు చేసే దయ కాదు. బిడ్డని తీసుకుపోలేని వాళ్ళు ఆ టైములో ఒక రూములో తలుపేసుకోని పాలు పిండుకోవచ్చు, బాత్రూమ్‌లో మాత్రం వద్దు.

(ఇంకొక తల్లి: మా పాపకి ఐదు నెలలు నిండినాయి, అన్నీ చేసినాం, సీసా లేదు గిన్నె లేదు. పగలంతా 50 ఎంఎల్ కూడా తాగదు, రాత్రంతా నన్ను వదలదు.)

ఇది చాలామంది బిడ్డలు చేసే పనే. పగలు అమ్మ లేదు కాబట్టి కొంచెం తాగి నిద్రపొయ్యి, రాత్రికి లెక్క సరిచేసుకుంటుంది. మీకు కష్టమే, ఒప్పుకుంటా, కానీ బిడ్డకి చెడు కాదు, ఒంటేలు సరిగ్గా పోస్తా ఉంటే. 24 గంటల్లో ఆరు, అంతకంటే జాస్తిగా గుడ్డలు తడుపుతా ఉందా, ఒంటేలు లేత రంగులో ఉందా, బరువు పెరుగుతా ఉందా, ఈ మూడు చూడండి. ఒంటేలు తగ్గినా, మాడు లోపలికి గుంట పడినా, బిడ్డ వాలిపోయినట్టు ఉన్నా ఇంట్లో కూర్చోవద్దు, ఆ పూటే డాక్టర్ దగ్గిరికి. ఉన్నట్టుండి రొమ్ము కూడా వద్దంటే నోట్లో తెల్లపూత ఉందేమో, ముక్కు పట్టేసిందేమో, చెవి నొప్పేమో చూపించాల.

రాత్రికి మీరు చెయ్యగలిగింది, పక్కన పండుకోని ఇచ్చేది నేర్చుకోండి, మంచం మీద మెత్తటి దిండ్లు దుప్పట్లు బిడ్డకి దూరంగా పెట్టి. పాలిచ్చి ఎత్తుకోని తేన్పు తెప్పించేది, గుడ్డ మార్చేది మీ ఆయన చెయ్యాల, పొద్దున ఆయనకీ ఆఫీసు ఉంది, మీకూ ఉంది. ఇంకొక నెల అయితే ఆరు నెలలు నిండతాయి, అప్పుడు మెత్తగా చేసిన అన్నం పప్పు, రాగి జావ, అరటిపండు మొదలవుతాయి, పగలు వాటితో కొంత గడిచిపోతుంది, పాలు చిన్న స్టీలు గ్లాసుతోనే అలవాటు చెయ్యొచ్చు, సీసా గొడవే ఉండదు. అప్పటిదాకా రోజూ ఒకసారి, ఒకే మనిషి, ఒకే టైములో, ఏడిపించకుండా గిన్నె చూపిస్తా ఉండండి. వచ్చే శనివారం మీ అత్తమ్మని, పాపని తీసుకోని రండి, ఆమె చేతికిచ్చి నేను పక్కన నిలబడతా.

ఇంగ చేత్తో పాలు పిండేది, పంప్ వాడేది పక్క రూములో చూపిస్తాం, నలుగురు నలుగురుగా రండి, ముందు చిన్నబిడ్డలు ఉండేవాళ్ళు.